584 అనే నంబరు, హెన్రీ అనే మనిషి

జ్ఞాపకం అనగానే మన ఐటీ జనాలం ర్యామ్, హార్డ్‌డిస్క్ అనేస్తాం. ఆ పోలికలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఎంత నిజమో తేలడానికి హెన్రీ మోలైసన్ అనే మనిషి జీవితంలో యాభై అయిదేళ్ళు ఖర్చయ్యాయి.

హెన్రీది అమెరికాలో కనెక్టికట్. మూర్ఛలు విపరీతంగా వచ్చేవి, మందులకి లొంగలేదు. 1953లో, 27 ఏళ్ళ వయసులో, హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ అతని మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్‌ని చాలావరకు తీసేశాడు. అదేం పని చేస్తుందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. (ఏం చేస్తుందో తెలీని మాడ్యూల్‌ని ప్రొడక్షన్‌లో డిలీట్ చెయ్యడమన్నమాట, అదీ బ్యాకప్ లేకుండా.) మూర్ఛలు తగ్గాయి. దాంతోపాటే, జరిగింది గుర్తుంచుకోవడం కూడా ఆగిపోయింది.

విచిత్రమేంటంటే తెలివి ఎక్కడికీ పోలేదు. 1955లో పరీక్షిస్తే ఐక్యూ 112. చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు. మాంట్రియల్ నుంచి వచ్చిన బ్రెండా మిల్నర్ ఒకసారి 584 గుర్తుపెట్టుకోమన్నారు. పావుగంట తర్వాత అడిగితే ఠక్కున చెప్పాడు. మూడంకెలూ కలిపితే 17, ఎనిమిది గుర్తుంటే చాలు, మిగిలిన తొమ్మిదిని 5, 4గా విడగొట్టొచ్చు అని మనసులో తిప్పుకుంటూనే ఉన్నాడట! ఇంకో నిమిషం గడిచాక నంబరే కాదు, తనకో నంబరు ఇచ్చారన్న సంగతి కూడా పోయింది. ర్యామ్ ఉంది, సేవ్ అవ్వట్లేదు. స్కోవిల్, మిల్నర్ అతని కేసుని 1957లో ప్రచురించారు.

ఇక్కడిదాకా మన పోలిక బానే ఉంది. తర్వాత మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. మూడు రోజుల్లో చెయ్యి తిరిగిపోయింది. అతని మటుకు మాత్రం ప్రతిరోజూ అదే మొదటిసారి! అంటే చేతికొచ్చిన పని దాచుకునే చోటు వేరు, నిన్న ఏం జరిగిందో దాచుకునే దారి వేరు. పాత సంగతులు మిగిలాయంటే హిప్పోకాంపస్ డిస్క్ కూడా కాదు, రాయడానికి కావలసిన పరికరం లాంటిది. పైగా డిస్క్‌లో ఫైల్ చదివితే అది మారదు. మెదడులో అలా కాదు: గుర్తుచేసుకున్న జ్ఞాపకం కాసేపు మళ్ళీ పచ్చిగా అవుతుందని 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తేలింది.

నన్ను తొలిచే విషయం వేరే ఉంది. సుజాన్ కార్కిన్ 1962 నుంచి అతను పోయేదాకా అతని మీద పరిశోధన చేశారు. అన్నేళ్ళ తర్వాత కూడా ఆవిడెవరంటే, హైస్కూల్లో చూసినట్టుందే అనేవాడట. తనవల్ల ఇంకొకళ్ళకి మేలు జరిగితే మంచిదేగా అని కూడా అనేవాడట. మంచి మనిషే, కాదన్ను. కానీ పొద్దున ఒప్పుకున్నది మధ్యాహ్నానికి గుర్తులేని మనిషి ఒప్పుకోలుని ఏ లెక్కన ఒప్పుకోలు అనాలి?

2008 డిసెంబర్ 2న పోయేదాకా లోకానికి అతను 'హెచ్.ఎం.' అనే రెండక్షరాలే. మరుసటి ఏడాది శాన్ డియెగోలో అతని మెదడుని 2,401 పలచటి పొరలుగా కోశారు. 53 గంటలు పట్టింది. ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చారు.