హార్డ్‌డిస్క్ లేని కంప్యూటర్ ఎలా ఆన్ అవుతుంది?

మీ పిల్లల స్కూల్ ల్యాబ్‌లో హార్డ్‌డిస్కులు పాడైన కంప్యూటర్లు మూలన పడ్డాయా? ఒకే సర్వర్‌తో వాటిని మళ్లీ నడిపించవచ్చు. దీన్నే నెట్‌వర్క్ బూట్ అంటారు.

ఎలా పనిచేస్తుంది?
బయోస్‌లో పీఎక్స్‌ఈ ఆప్షన్ ఎంచుకున్న కంప్యూటర్, ఆన్ చేయగానే నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్ అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఆ అడ్రస్ ఇచ్చి, బూట్ ఫైల్ ఎక్కడుందో చెబుతుంది. ఆ ఫైల్ టీఎఫ్‌టీపీ ద్వారా, మిగతా ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అందుతాయి. ప్రోగ్రాములు నడిచేది మాత్రం ఆ కంప్యూటర్ ర్యామ్, ప్రాసెసర్ మీదే.

ఏమేం కావాలి?
లైనక్స్ సర్వర్, గిగాబిట్ స్విచ్, లాన్ కేబుళ్లు. ఉచితంగా దొరికే ఎల్‌టీఎస్‌పీ సాఫ్ట్‌వేర్‌తో సెటప్ సులువవుతుంది. సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 67, 69 పోర్టులు తెరవాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
రూటర్ ఇప్పటికే ఐపీ అడ్రస్‌లు ఇస్తుంటే మరో డీహెచ్‌సీపీ పెట్టొద్దు. అడ్రస్‌లు తారుమారై ఆఫీసు రూమ్‌తో సహా అందరికీ నెట్ ఆగిపోవచ్చు. డీఎన్‌ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ మోడ్‌లో పెడితే అది బూట్ సమాచారం మాత్రమే ఇస్తుంది. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి ల్యాబ్ నెట్‌వర్క్‌ను విడిగా ఉంచాలి.

సర్వర్ ఆగితే ల్యాబ్ మొత్తం ఆగినట్టే. పిల్లల ఫైళ్లూ అందులోనే ఉంటాయి. అందుకే యూపీఎస్, రోజువారీ బ్యాకప్ ఉన్నాయో లేదో ముందే అడగండి.