ఎమ్‌టామ్ (సోప్ సందేశ ప్రసార ప్రమాణం)

ఎమ్‌టామ్ అనేది సోప్ వెబ్ సేవలలో చిత్రాలు, ధ్వని, పీడీఎఫ్ దస్త్రాలు వంటి బైనరీ సమాచారాన్ని పరిమాణం పెరగకుండా పంపడానికి ఏర్పరచిన ప్రమాణం. మెసేజ్ ట్రాన్స్‌మిషన్ ఆప్టిమైజేషన్ మెకానిజమ్ అనే పూర్తి పేరుకు ఇది సంక్షిప్త రూపం. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం (డబ్ల్యూ3సీ) దీనిని 2005 జనవరి 25న సిఫారసుగా ప్రకటించింది. అదే రోజున వెలువడిన ఎక్స్‌ఓపీ అనే మరొక ప్రమాణం, సందేశంలోని భాగాలను ఒకే పొట్లంగా కట్టే పద్ధతిని నిర్వచిస్తుంది. జావా భాషలో జాక్స్-డబ్ల్యూఎస్ అనే ఏపీఐ ద్వారా ఎమ్‌టామ్‌ను వినియోగిస్తారు.

అవసరం

సోప్ సందేశం ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 లో సున్నా విలువ గల బైటుకు, పలు నియంత్రణ అక్షరాలకు చోటు లేదు. అందువలన ఒక చిత్రంలోని బైట్లను ఉన్నవి ఉన్నట్లుగా సందేశంలో ఉంచడం సాధ్యపడదు. వాటిని ముందుగా బేస్64 అనే సంకేత పద్ధతిలో అక్షరాలుగా మార్చవలసి ఉంటుంది. ఈ పద్ధతిలో ప్రతి 3 బైట్లు, అనగా 24 బిట్లు, నాలుగు 6-బిట్ల గుంపులుగా విడిపోయి 4 అక్షరాలు అవుతాయి. కాబట్టి సమాచారం మూడింట ఒక వంతు పెరుగుతుంది. ఉదాహరణకు 30,00,000 బైట్లు గల ఎక్స్-రే చిత్రం 40,00,000 అక్షరాలు అవుతుంది. సందేశం యూటీఎఫ్-16 లో ఉంటే అదే చిత్రం 80,00,000 బైట్లు ఆక్రమిస్తుంది.

నష్టం నెట్‌వర్కుకు మాత్రమే పరిమితం కాదు. జావా 8 వరకు స్ట్రింగులోని ప్రతి అక్షరం మెమరీలో 2 బైట్లు తీసుకునేది. 2017 లో వచ్చిన జావా 9 నుండి లాటిన్ అక్షరాలు మాత్రమే గల స్ట్రింగులు అక్షరానికి ఒక బైటు చొప్పున నిలువ అవుతున్నాయి. అక్షరాలుగా మార్చడానికి, తిరిగి బైట్లుగా మార్చడానికి ప్రాసెసరు సమయం ఖర్చవుతుంది. పార్సరు కూడా ముగింపు ట్యాగు కోసం ఆ లక్షల అక్షరాలన్నింటినీ చదువుకుంటూ పోవాలి.

పూర్వ పద్ధతులు

ఈ సమస్యకు పరిష్కారంగా మొదట 2000 డిసెంబరులో సోప్ విత్ అటాచ్‌మెంట్స్ అనే పద్ధతి డబ్ల్యూ3సీ నోట్‌గా వెలువడింది. ఇందులో ఈ-మెయిలు జోడింపులకు వాడే మైమ్ పద్ధతిలో బైనరీ భాగాలను సోప్ కవరుకు వెలుపల ఉంచుతారు. ఆ తరువాత మైక్రోసాఫ్ట్ సంస్థ డైమ్ అనే పద్ధతిని ముందుకు తెచ్చింది. ఇందులో ప్రతి భాగానికి ముందే దాని పొడవు వ్రాసి ఉంటుంది కనుక భాగం ఎక్కడ ముగుస్తుందో వెతకవలసిన పని లేదు. అయితే అది ముసాయిదా దశను దాటలేదు.

ఈ రెండింటిలోనూ ఒకే లోపం ఉన్నది. జోడింపు అనేది ఎక్స్‌ఎమ్‌ఎల్ సమాచార సమితిలో భాగం కాదు. కవరుపై చేసిన డిజిటల్ సంతకం జోడింపును కాపాడదు. దాని కొరకు వేరే నియమాలు అవసరం. ఆ లోపాన్ని తొలగించడమే ఎమ్‌టామ్ ముఖ్యోద్దేశం.

పనిచేసే విధానం

ఎమ్‌టామ్‌లో బైనరీ సమాచారం భావనాపరంగా సందేశం లోపలే బేస్64 అక్షరాలుగా ఉన్నట్లు పరిగణిస్తారు. పంపేటప్పుడు మాత్రమే దానిని బయటకు తీస్తారు. క్రమం ఇది:

1. పంపే ప్రోగ్రాము సందేశంలో బేస్64బైనరీ రకానికి చెందిన ఎలిమెంట్లను గుర్తిస్తుంది.
2. ఎంచుకున్న ఎలిమెంటులోని సమాచారాన్ని తీసి, మూల బైట్ల రూపంలో ఒక మైమ్ భాగంగా ఉంచుతుంది. ఆ భాగానికి ఒక కంటెంట్-ఐడీ ఇస్తుంది.
3. ఖాళీ అయిన చోట ఇంక్లూడ్ అనే ఎక్స్‌ఓపీ ఎలిమెంటును ఉంచుతుంది. దాని హెచ్‌రెఫ్ గుణం, సీఐడీ అనే ఉపసర్గతో మొదలై, ఆ కంటెంట్-ఐడీని సూచిస్తుంది.
4. సోప్ కవరు మూల భాగంగా, బైనరీ భాగాలు తరువాతివిగా మల్టీపార్ట్/రిలేటెడ్ రకపు పొట్లం తయారవుతుంది. మూల భాగం రకం అప్లికేషన్/ఎక్స్‌ఓపీ+ఎక్స్‌ఎమ్‌ఎల్.
5. అందుకున్న ప్రోగ్రాము ఇంక్లూడ్ ఉన్నచోట ఆయా బైట్లను తిరిగి అమర్చుకుంటుంది.

ఇంక్లూడ్ ఎలిమెంటు ఉన్నచోట మరే ఇతర అక్షరాలు గాని ఎలిమెంట్లు గాని ఉండరాదు. బేస్64 పాఠ్యం ఖాళీలు, పంక్తి విరుపులు లేని నియత రూపంలో ఉంటేనే ఈ మార్పు చేయడానికి వీలవుతుంది. ఏ ఎలిమెంట్లను బయటకు తీయాలన్నది పంపేవారి ఇష్టం. మధ్యవర్తి సర్వరు ఒకటి ఉంటే, అది సందేశాన్ని తరువాతి మజిలీకి వేరే విధంగా కట్టి పంపవచ్చు. సందేశం అర్థం మారదు.

జావాలో వినియోగం

2006 లో వెలువడిన జాక్స్-డబ్ల్యూఎస్ 2.0, జావా ఈఈ 5 లోను, జావా ఎస్ఈ 6 లోను భాగంగా వచ్చింది. సమాచారాన్ని జావా ఆబ్జెక్టులుగా మార్చే పని జాక్స్-బీ 2.0 చూసుకుంటుంది. సేవను అమలు చేసే క్లాసుపై ఎమ్‌టామ్ అనే ఆనొటేషన్ ఉంచితే సేవ వైపు ఈ పద్ధతి అమలులోకి వస్తుంది. క్లయింటు వైపు పోర్టును పొందేటప్పుడు ఎమ్‌టామ్‌ఫీచర్ అనే ఆబ్జెక్టును అందించాలి. సేవ వైపు అమరిక ప్రత్యుత్తరాలకు, క్లయింటు వైపు అమరిక అభ్యర్థనలకు వర్తిస్తుంది. అందువలన సేవ వైపు మాత్రమే అమర్చి ఊరుకుంటే, క్లయింటు ఎక్కించే దస్త్రాలు పాత పద్ధతిలో బేస్64 గానే వెళ్ళవచ్చు.

థ్రెషోల్డ్ అనే విలువ ద్వారా ఎన్ని బైట్లకు మించినవి బయటకు తీయాలో నిర్ణయించవచ్చు. దీని సహజ విలువ సున్నా. చిన్న సమాచారానికి ఎమ్‌టామ్ లాభదాయకం కాదు. 100 బైట్ల సమాచారం బేస్64 లో 136 అక్షరాలు అవుతుంది. పెరుగుదల 36 మాత్రమే. ఒక మైమ్ భాగానికి కావలసిన సరిహద్దు పంక్తి, శీర్షికలు అంతకంటే ఎక్కువ స్థలం తీసుకుంటాయి.

సమాచారాన్ని బైట్ల అర్రేగా గాని, డేటాహ్యాండ్లర్ ఆబ్జెక్టుగా గాని ప్రకటించవచ్చు. అర్రే వాడితే దస్త్రం మొత్తం మెమరీలో ఉంటుంది. వందల మెగాబైట్ల దస్త్రాలకు ఇది తగదు. డేటాహ్యాండ్లర్ వాడితే ఇన్‌పుట్ స్ట్రీమ్ ద్వారా కొద్దికొద్దిగా చదవడానికి వీలు కలుగుతుంది. ఆ ఫీల్డుపై ఎక్స్ఎమ్ఎల్‌మైమ్‌టైప్ ఆనొటేషన్ ఉంచితే స్కీమాలో ఆ రకం నమోదై, క్లయింటు కొరకు తయారయ్యే కోడులో కూడా డేటాహ్యాండ్లర్ వస్తుంది. ఏదైనా ఫీల్డును ఎల్లప్పుడూ లోపలే ఉంచదలిస్తే ఎక్స్ఎమ్ఎల్‌ఇన్‌లైన్‌బైనరీడేటా ఆనొటేషన్ వాడతారు.

మెట్రో, అపాచీ యాక్సిస్2, అపాచీ సీఎక్స్ఎఫ్ ఎమ్‌టామ్‌ను అమలుపరచిన ముఖ్యమైన జావా సాఫ్ట్‌వేర్లు. మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూసీఎఫ్ కూడా ఎమ్‌టామ్‌ను అమలుచేస్తుంది కనుక జావా, డాట్‌నెట్ ప్రోగ్రాముల మధ్య దస్త్రాల మార్పిడి సాధ్యపడుతుంది.

భద్రత

డిజిటల్ సంతకాన్ని బేస్64 పాఠ్యం లోపల ఉన్నట్లు భావించి లెక్కిస్తారు. అందువలన సంతకం జోడింపును కూడా కాపాడుతుంది. అయితే ఆ లెక్క కొరకు బేస్64 మార్పిడి చేయక తప్పదు. నెట్‌వర్కుపై పరిమాణం తగ్గినా ప్రాసెసరు భారం తగ్గదు.

ఇంక్లూడ్ సూచించే చిరునామాను సర్వరు తనిఖీ చేయకపోతే ప్రమాదం ఉన్నది. 2022 లో అపాచీ సీఎక్స్ఎఫ్‌లో ఇటువంటి లోపం బయటపడింది. హెచ్‌రెఫ్‌లో కంటెంట్-ఐడీకి బదులు ఏదైనా వెబ్ చిరునామా వ్రాసి పంపితే, సర్వరు తానే ఆ చిరునామాకు అభ్యర్థన పంపేది. ఆ విధంగా బయటివారికి అందని లోపలి సర్వర్లను తాకడానికి వీలు కలిగింది. ఈ లోపం 3.5.5, 3.4.10 కూర్పులలో సరిదిద్దబడినది. అతి పెద్ద జోడింపులతో మెమరీ నింపివేసే దాడులను నివారించడానికి సర్వరుపై గరిష్ఠ పరిమాణం నిర్దేశించడం కూడా అవసరం.

పరిమితులు

ఎమ్‌టామ్ సమాచారాన్ని కుదించదు. పెరగకుండా మాత్రమే చూస్తుంది. మైమ్ భాగం ముగింపును కనుగొనడానికి సరిహద్దు పంక్తి కోసం బైట్లను వెతకవలసి ఉంటుంది. సందేశం మధ్యలో తెగిపోతే, తెగినచోటు నుండి తిరిగి ప్రారంభించే ఏర్పాటు ఇందులో లేదు.

వినియోగ రంగాలు, ప్రస్తుత స్థితి

ఆసుపత్రుల మధ్య వైద్య పత్రాల మార్పిడి కొరకు ఐహెచ్ఈ సంస్థ రూపొందించిన ఎక్స్‌డీఎస్.బీ విధానంలో పత్రాలను పంపడానికి, తెచ్చుకోవడానికి ఎమ్‌టామ్ వాడతారు. దస్త్ర భాండాగారాల కొరకు ఒయాసిస్ సంస్థ 2010 లో ఆమోదించిన సీఎమ్ఐఎస్ ప్రమాణపు వెబ్ సేవల విభాగం కూడా దీనిపై ఆధారపడినది.

2018 సెప్టెంబరులో విడుదలైన జావా 11 నుండి జాక్స్-డబ్ల్యూఎస్, జాక్స్-బీ లను జావా ఎస్ఈ నుండి తొలగించారు. అప్పటి నుండి వాటిని ప్రత్యేక లైబ్రరీలుగా చేర్చుకోవాలి. 2020 లో వచ్చిన జకార్తా ఈఈ 9 లో ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ బదులు జకార్తాతో మొదలయ్యేలా మారాయి. పాత, కొత్త పేర్లు గల లైబ్రరీలను కలిపి వాడితే ఆనొటేషన్లు గుర్తింపబడవు.

ఇవి కూడా చూడండి

* సోప్
* ఎక్స్ఎమ్ఎల్
* బేస్64
* మైమ్
* జావా (ప్రోగ్రామింగు భాష)