పౌరసత్వ పాఠశాలలు (అమెరికా)

ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపాలన్న నిబంధనతో దక్షిణ కరోలినా రాష్ట్రం నల్లజాతివారిని ఓటుకు దూరం పెట్టింది. ఆ అడ్డు తొలగించడానికి 1957 జనవరిలో ఆ రాష్ట్రంలోని జాన్స్ ద్వీపంలో మొదలైన రాత్రిబడులే పౌరసత్వ పాఠశాలలు. రూపకర్త సెప్టిమా క్లార్క్ (1898–1987). పౌరహక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఆమె బడిపంతులమ్మ ఉద్యోగం పోయింది, పింఛనూ పోయింది. అప్పుడు టెనెసీలోని హైలాండర్ జానపద పాఠశాల ఆమెకు పని ఇచ్చింది.

తొలి బడి ఒక సహకార దుకాణం వెనక గదిలో నడిచింది. ముందు సరుకులు అమ్ముతుంటే లోపలి చదువు తెల్లవాళ్ల కంటపడదు. పాఠం చెప్పింది బెర్నిస్ రాబిన్సన్. ఆమె బ్యూటీ పార్లర్ నడిపేది, పంతులమ్మ కాదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది: ఆమె ఖాతాదారులు నల్లజాతి స్త్రీలే కనుక ఉపాధి తీసేస్తామని బెదిరించేవారు లేరు. ఏం నేర్చుకోవాలని ఉందో ముందు విద్యార్థులనే అడిగింది. సంతకం, బైబిలు, మనియార్డరు ఫారం అన్నారు. అట్టముక్క మీద రాసిన పేరుపై పెన్సిలు తిప్పించి సంతకం నేర్పారు.

1961లో ఈ కార్యక్రమం మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థకు మారింది. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో స్థానికులకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి సొంత ఊళ్లకు పంపేవారు. వారిలో చాలామంది ఊరి నాయకులయ్యారు. పట్టభద్రుల కన్నా వీరే ఎక్కువ పనికొచ్చారనాలి. 1965 ఓటుహక్కు చట్టం అక్షరాస్యత పరీక్షలను నిలిపివేసింది. క్లార్క్ పింఛను 1976లో తిరిగి మంజూరైంది.