కదిలిన నేల, మారిన లోతు: అండమాన్‌లో సముద్రగర్భ సర్వే ఎలా చేస్తారు?

2004 డిసెంబరు 26 అనగానే మనకు సునామీ గుర్తొస్తుంది. ఓడలు నడిపేవాళ్లకు ఆ రోజు ఇంకో సమస్య కూడా మొదలైంది. భూకంపానికి అండమాన్ నికోబార్ దీవుల నేలే కదిలిపోయింది. దక్షిణ కొసన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగడంతో లైట్‌హౌస్ అడుగుభాగం నీళ్లలోకి వెళ్లింది. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం, దాదాపు మీటరు కుంగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం మాత్రం పైకి లేచి, పగడపు దిబ్బలు నీటిపైన తేలాయి. ఓడకు అసలు ముప్పు ఇలా లేచినచోటే. చార్టులో చూపినంత నీరు అక్కడ ఉండదు.

ఈ దీవుల తీరాన్ని 1788-89లో ఈస్టిండియా కంపెనీ తరఫున సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరే తర్వాత రేవుకు వచ్చింది. అప్పట్లో తాడుకు సీసం గుండు కట్టి లోతు చూసేవారు. గుండు పడిన రెండు చోట్ల మధ్య బండరాయి ఉన్నా తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ బాధ్యత నౌకాదళానిది. చార్టులు తయారుచేసేది డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం. కొత్త తరం సర్వే నౌక ఐఎన్ఎస్ సంధాయక్ 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలోనే విధుల్లో చేరింది. ఇలాంటి ఓడల్లోని మల్టీబీమ్ ఎకో సౌండర్ విసనకర్రలా ధ్వనిని కిందికి పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కిస్తుంది.

ప్రణాళికలో మొదటి చిక్కు ఇక్కడే. ఆ విసనకర్ర 120 డిగ్రీలు విచ్చుకుంటే వెయ్యి మీటర్ల లోతులో ఒక్క వరుసకు మూడున్నర కిలోమీటర్ల వెడల్పు దొరుకుతుంది. 20 మీటర్ల లోతులో దొరికేది 70 మీటర్లే. అంటే ప్రమాదం ఎక్కువున్న తీరంలోనే పని ఎక్కువ. పగడపు దిబ్బల మధ్యకు పెద్ద ఓడ వెళ్లలేదు కాబట్టి చిన్న మోటారు బోట్లు దింపాలి. రెండు రుతుపవనాల మధ్య, సముద్రం శాంతంగా ఉండే జనవరి-ఏప్రిల్ నెలలు ఈ పనికి అనువైనవి.

నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. వేడి, ఉప్పదనం మారితే అదీ మారుతుంది. వేగంలో ఒక శాతం తేడా వస్తే 20 మీటర్ల లోతుకు 20 సెంటీమీటర్ల పొరపాటు. అందుకే తరచూ ఒక పరికరాన్ని నీళ్లలోకి దించి ఆ వేగాన్ని కొలుస్తారు. వేసిన వరుసలకు అడ్డంగా మరికొన్ని వేసి, రెండు కొలతలూ కలుస్తున్నాయో లేదో సరిచూస్తారు.

నా దృష్టిలో వీటన్నిటికంటే కీలకం, ఎవరూ పెద్దగా మాట్లాడని ఆటుపోట్ల లెక్క. చార్టులో లోతును అప్పుడున్న నీటిమట్టం నుంచి చూపరు. పాటు సమయంలో నీరు బాగా తగ్గినప్పటి మట్టాన్ని సున్నాగా తీసుకుంటారు. ఆ సున్నాను గట్టుమీద పాతిన గుర్తురాళ్లతో ముడిపెడతారు. నేల కుంగితే ఆ రాళ్లూ కుంగుతాయి. 2004 తర్వాత లోతులతో పాటు సున్నాను కూడా కొత్తగా కట్టుకోవాల్సిన పరిస్థితి అందుకే వచ్చింది. పైగా పోర్ట్ బ్లెయిర్ నేల ఆ తర్వాత మెల్లగా లేస్తోందని జీపీఎస్ కొలతలు చూపాయి.

గ్రేట్ నికోబార్‌లోని గలాతియా బే దగ్గర భారీ కంటైనర్ రేవుకు కేంద్రం సన్నాహాలు చేస్తోంది. అక్కడ సహజంగానే 20 మీటర్లకు పైగా లోతుందన్నది ఆ ప్రాజెక్టుకు చెప్పే ప్రధాన కారణాల్లో ఒకటి. తాబేళ్లు, అడవి, ఆదివాసుల గురించి జరుగుతున్న చర్చ న్యాయమైనదే. దానితో పాటు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: కుంగిన ఇందిరా పాయింట్ ఉన్న దీవిలోనే కట్టే ఆ రేవులో, లోతును మళ్లీ మళ్లీ ఎన్నేళ్లకోసారి కొలుస్తారు?