పెద్దమనుషుల ఒప్పందం: వాదనా విశ్లేషణ

ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం ఒకటయ్యే ముందు ఇరు ప్రాంతాల కాంగ్రెస్ నాయకులు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదుర్చుకున్న రాతపూర్వక ఒడంబడికే పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కేవీ రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జేవీ నర్సింగరావు, ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఇందులో పాల్గొన్నారు.

ఒప్పందాన్ని విడిగా చదివితే హామీల చిట్టాలా కనిపిస్తుంది. రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 సెప్టెంబర్ 30న ఇచ్చిన నివేదిక పక్కన పెట్టుకుంటేనే అందులోని వాదన బోధపడుతుంది. కమిషన్ మొదట ఇరు ప్రాంతాలు కలిసిన విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలు చెప్పి, ఆ తర్వాత తెలంగాణ భయాలను వివరించింది: ఆదాయం చేజారుతుందని, చదువుల్లో, కొలువుల్లో వెనుకబడతామని, కృష్ణా గోదావరి జలాలపై హక్కు పోతుందని. తెలంగాణను ప్రస్తుతానికి విడి రాష్ట్రంగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే కలపవచ్చని సూచించింది.

ఆ నిరీక్షణ అక్కర్లేదని నమ్మించడమే ఒప్పందం పని. అందుకు అది ఏకతను పొగడలేదు, భాషాభిమానాన్ని రేపలేదు. ఒక్కో భయానికి ఒక్కో అంశం ఎదురుపెట్టింది. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు చేయాలి. ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం కావాలి. తెలంగాణలోని విద్యాసౌకర్యాలు తెలంగాణ విద్యార్థులకే దక్కాలి. మంత్రివర్గంలో ఆంధ్ర, తెలంగాణలకు 60:40 నిష్పత్తి ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. నీళ్ల విషయం మాత్రం తెలంగాణ కోసం ప్రతిపాదించిన ప్రాంతీయ మండలి చూసుకునే అంశాల్లో 'నీటిపారుదల' అన్న మాటతోనే ముగిసింది. భయాల్లో అంత పెద్దదానికి ఇంత చిన్న జవాబు దక్కడం గమనించదగ్గది. కొత్త రాష్ట్రం పేరుపై ఏకాభిప్రాయం కుదరలేదు. తెలంగాణ ప్రతినిధులు 'ఆంధ్ర తెలంగాణ' కోరారు.

ఈ పత్రానికి ప్రాణం నిష్పత్తుల్లో కాదు, తగవు తీర్చే వాక్యంలో ఉందని ఈ వ్యాసం అభిప్రాయం. ప్రాంతీయ మండలిని చట్టబద్ధ సంస్థగా నిర్ణయించి, దానికీ రాష్ట్ర ప్రభుత్వానికీ తేడా వస్తే విషయాన్ని కేంద్రానికి నివేదించవచ్చని, అక్కడి నిర్ణయమే తుదిదని రాశారు. అనుమానంతో ఉన్నవారికి బయటి మధ్యవర్తిని చూపించడం కంటే బలమైన హామీ ఆనాడు దొరకదు. కానీ 1956 ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన రక్షణల పత్రంలో మండలి స్థానంలో శాసనసభ్యుల ప్రాంతీయ సంఘం వచ్చింది. తుది మాట గవర్నర్‌దైంది. ఒప్పందం ఉల్లంఘన మంత్రివర్గ కూర్పుతో మొదలైందని ఎక్కువ మంది రాస్తారు. ఈ మార్పు దానికంటే ముందే జరిగింది.

మంత్రివర్గ కూర్పు సంగతి ప్రసిద్ధమే. 1956 నవంబర్ 1న ముఖ్యమంత్రి అయిన సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిని నియమించలేదు. ఆ పదవి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నట్టు చెబుతారు. తర్వాతి ముఖ్యమంత్రి సంజీవయ్య హయాంలో కేవీ రంగారెడ్డి ఆ పదవిలో ఉన్నారు. నివాస అర్హతపై పార్లమెంటు 1957లో చేసిన చట్టంలోని సంబంధిత నిబంధనను సుప్రీంకోర్టు 1969 మార్చిలో కొట్టేసింది. అప్పటికే తెలంగాణ భగ్గుమంటోంది. 1973 నాటి ఆరు సూత్రాల పథకంతో ప్రాంతీయ సంఘమూ రద్దయింది.

1956 మార్చిలో నిజామాబాద్‌లో నెహ్రూ చేసిన ప్రసంగాన్ని చాలామంది ఒప్పందంతో కలిపి చెబుతారు. విలీనాన్ని అమాయకురాలైన అమ్మాయికి, తుంటరి అబ్బాయికి జరిగే పెళ్లితో పోల్చారన్నది పత్రికా కథనాల నుంచి వచ్చిన మాట. విడాకుల ప్రస్తావనను ఒక్కొక్కరు ఒక్కో తీరున చెబుతారు కాబట్టి, దాన్ని హామీగా కాక సభలో వాడిన ఉపమానంగా తీసుకోవడమే మేలు.

నేడు ఈ పత్రాన్ని బాగా చదివే చోట్లలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు ఒకటి. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం గ్రూప్-1 మెయిన్స్‌లో, గ్రూప్-2లో ఒక్కో పేపర్‌గా ఉన్నాయి. తేదీ, సంతకాలు, పన్నెండేళ్లు, 60:40 బిట్లుగా గుర్తుండిపోతాయి. మెయిన్స్ జవాబుకు మాత్రం కమిషన్ నివేదిక, ఒప్పందం, ఆగస్టు పత్రం మూడింటినీ వరుసగా పెట్టి, ఏ వాక్యం ఎక్కడ మారిందో చూపించడం అవసరం.