నలుపు పక్కన నలుపు

పాత కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు ఒకప్పుడు ఒక సూత్రం కంఠతా ఉండాల్సిందే: నలుపు పక్కన నలుపు. 1990ల నాటి ఏటీ రకం సీపీయూల్లో, కరెంటు అందించే డబ్బా అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు ఆరేసి తీగలతో రెండు ప్లగ్గులు వచ్చేవి. చూడ్డానికి రెండూ ఒకటే. కుడిది ఎడమకు పెట్టినా దిగిపోయేది. రెండింటి నల్ల తీగలూ నడిమధ్యన ఆనుకుని ఉంటేనే సరి, లేదంటే బోర్డు కాలిపోయేది.

ఈ మరమ్మతు విద్యకు తెలుగునాట పాత వేర్లే ఉన్నాయి. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడి, సొంత కంప్యూటర్ల తయారీకి దిగింది. ఆ రోజుల్లో ఐబీఎం మన దేశానికి తెచ్చినవాటిలో చాలావరకు వేరే దేశాల్లో వాడి, సరిచేసి పంపిన యంత్రాలే. 1978లో ఆ కంపెనీ వెళ్లిపోయాక వాటిని నడిపే బాధ్యత ప్రభుత్వ సంస్థ సీఎంసీకి వచ్చింది. పేరులోనే ‘మెయింటెనెన్స్’ను పెట్టుకున్న ఆ సంస్థకు సికింద్రాబాద్‌లో పరిశోధన కేంద్రం ఉండేది. కొత్తది కొనడంకన్నా ఉన్నదాన్ని ఎలాగైనా నడిపించుకోవడమే ఇక్కడ ముందు అలవాటైంది.

పల్నాడు వంటి ప్రాంతాల్లో సామాన్యుడు కంప్యూటర్‌ను దగ్గరగా చూసిన చోట్లలో ప్రభుత్వ కార్యాలయాలు ఒకటి. 1998 నవంబరు 4న మొదలైన ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. విడిభాగాలు కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు చెప్పుకునేవారు.

ఇంతలో యంత్రం లోపల ఒక పెద్ద మార్పు జరిగింది. ఏటీ డబ్బాలో గోడనుంచి వచ్చే 230 వోల్టుల కరెంటు నేరుగా ముందున్న స్విచ్చిదాకా వచ్చేది. స్విచ్చి వేస్తే వెలిగేది, తీస్తే ఆరేది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ పద్ధతిలో స్విచ్చి కేవలం సైగ చేస్తుంది. ఊదా తీగలో 5 వోల్టులు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు, అంటే నల్ల తీగకు, కలిపాకే ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా మేలుకుంటుంది. దాంతో ‘ఆన్ కావడం లేదు’ అన్న ఒక్క మాట వెనక స్విచ్చి, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మూడూ అనుమానితులయ్యాయి.

అందుకే మెకానిక్ చేతికి జెమ్ క్లిప్పు వచ్చింది. ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డునుంచి విడదీసి, ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ క్లిప్పుతో కలిపితే ఫ్యాను తిరగాలి. తిరిగినంత మాత్రాన నమ్మకూడదు, మీటరు పెట్టి పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి. అవి సరిగా ఉంటే వంతు బోర్డుది: ర్యామ్ తీసి పసుపు అంచులను రబ్బరుతో రుద్దడం, కార్డులన్నీ పీకేయడం, ముందున్న స్విచ్చి పాడైందేమోనని బోర్డుమీది దాని రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం తాకించడం.

పల్నాడులోని మాచవరం లాంటి ఊళ్లో అటక మీదనుంచి దించిన పాత కంప్యూటర్ డబ్బాకైతే వీటన్నిటికన్నా ముందు కావాల్సింది కుంచె. పక్కనే పిడుగురాళ్ల, సున్నపు బట్టీల ఊరు. సున్నపు పొడి తేమను పీల్చి అట్టకడుతుంది. అది ఫ్యానులోకి చేరితే వేడి బయటికి పోదు.

2000ల తొలి యేళ్ల బోర్డయితే కెపాసిటర్ల నెత్తి చూడాలి. లోపలి ద్రవం నాసిరకంది కావడంతో ఆ కాలంలో ప్రపంచమంతటా లక్షల బోర్డుల్లో అవి ఉబ్బి పగిలాయి. పెద్ద కంపెనీల కంప్యూటర్లకూ ఆ జబ్బు తప్పలేదు. ఉబ్బినదాన్ని ఊడదీసి, అంతే మైక్రోఫారడ్ల, అంతకు తగ్గని వోల్టుల కెపాసిటర్‌ను టంకం పెడితే బోర్డు లేచిన సందర్భాలు ఎన్నో.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం కొత్తవాళ్లు విప్పకూడదు. ప్లగ్గు పీకేశాక కూడా దాని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.