ఆరు వచనముల రాజు



రాజుల గ్రంథము చదివేటప్పుడు మనలో చాలామందిమి ఒమ్రీ పేరును దాటుకొని ముందుకు వెళ్లిపోతాము. జిమ్రీ ఏడు దినములు ఏలి, రాజనగరుకు నిప్పు పెట్టుకొని చనిపోయిన తరువాత రాజైనవాడు ఇతడు. పన్నెండు సంవత్సరములు ఏలాడు. షెమెరు దగ్గర రెండు తలాంతుల వెండికి ఒక కొండ కొని, దానిమీద షోమ్రోను పట్టణము కట్టించాడు. తనకు ముందున్న వారందరికంటె చెడ్డగా ప్రవర్తించాడు. చనిపోయాడు. 1 రాజులు 16:23–28. ఆరు వచనములు, అంతే.

అయితే బైబిలు బయట ఒమ్రీ చిన్న రాజు కాడు. 1868లో నేటి యోర్దాను దేశములోని దీబోను దగ్గర ఒక నల్లరాతి శాసనము బయటపడింది. దానిని వేయించినది మోయాబు రాజైన మేషా, 2 రాజులు 3వ అధ్యాయములో మనము చూచే మేషాయే. ఒమ్రీ తన దేశమును చాలాకాలము అణచివేశాడని అందులో ఒప్పుకొన్నాడు. అష్షూరు రాజులైతే ఇశ్రాయేలు రాజ్యమునే ఒమ్రీ ఇల్లు అని పిలిచేవారు. ఒమ్రీ వంశమును నిర్మూలము చేసిన యెహూను కూడా వారి శాసనము ఒమ్రీ కుమారుడనే చెప్పింది. అంత పేరు అతనిది!

అతని కుమారుడు అహాబు ఇంకా గొప్పవాడు. క్రీ.పూ. 853లో సిరియాలోని కర్కరు దగ్గర అష్షూరు రాజైన షల్మనేసెరును ఎదిరించిన రాజుల కూటమిలో అహాబు ఉన్నాడు. అతడు 2,000 రథములు, 10,000 మంది కాల్బలము తెచ్చాడని శత్రువే రాతిమీద చెక్కించుకొన్నాడు. ఆ యుద్ధమును గూర్చి మన బైబిలులో ఒక్క మాట కూడా లేదు.

రాజుల గ్రంథము రాసినవానికి ఇవన్నీ తెలియవా? ఒమ్రీ చూపిన పరాక్రమము ఇశ్రాయేలు రాజుల వృత్తాంత గ్రంథములో ఉన్నదని ఆయనే చెప్తున్నాడు. అంటే రాజు బలమును గూర్చిన లెక్కలు ఎక్కడ దొరుకుతాయో ఆయనకు తెలుసు. తెలిసే పక్కన పెట్టాడు.

మరి దేనికి చోటిచ్చాడు? ఒక ద్రాక్షతోటకు. 1 రాజులు 21వ అధ్యాయము మొత్తము, 29 వచనములు. యెజ్రెయేలులో నాబోతు తోట రాజనగరు పక్కనే ఉంది. అహాబుకు అది కూరతోటకు కావాలి. ధర ఇస్తానన్నాడు, మారుతోట ఇస్తానన్నాడు. నాబోతు ఇవ్వనన్నాడు. అది అతని పితరుల స్వాస్థ్యము. భూమి దేవునిది గనుక శాశ్వతముగా అమ్మకూడదని లేవీయకాండము 25వ అధ్యాయములోని ధర్మశాస్త్రము. రథములు గల రాజు అన్నము మానేసి, ముఖము తిప్పుకొని మంచమెక్కాడు. తరువాత యెజెబెలు తాకీదులు, రాజు ముద్ర, ఇద్దరు అబద్ధ సాక్షులు, రాళ్ల దెబ్బలు. పెద్దలందరూ ఊరకనే సంతకము పెట్టినట్టు నడుచుకొన్నారు.

తండ్రి కొండకు వెండి తూచి ఇచ్చాడు. కొడుకు తోట కోసము మనిషిని చంపించాడు.

ప్రియులారా, ఇక్కడ మనము ఆగాలి. గట్టు జరిగినందుకు, కాగితము మీద పేరు మారినందుకు ఏడ్చేవారు మన పల్లెల్లోనూ ఉన్నారు. సంఘములో ఉన్న మనము వారి పక్షమున నిలిచామా, లేక యెజ్రెయేలు పెద్దలవలె తాకీదు చదువుకొని తలవంచామా? మందిరము కట్టినప్పుడు శిలాఫలకము మీద ఎవరి పేరు పైన ఉండాలో మనమూ వాదించుకొన్నవారమే. మేషా రాయి ఈనాడు పారిసులో, లూవ్రు మ్యూజియములో ఉంది. నాబోతుకు ఏ రాయీ లేదు. అతని మీద పడినవే రాళ్లు. అయినా దేవుడు ఏలీయాను పంపినది నాబోతు రక్తమును గూర్చి అడగడానికే.

అహాబు గోనెపట్ట కట్టుకొని తగ్గించుకొన్నప్పుడు ఆ కొంచెము పశ్చాత్తాపమును కూడా దేవుడు చూచి, కీడును ఆలస్యము చేశాడు. గనుక మనకును ఇంకా సమయమున్నది. మన పక్కనున్న నాబోతును చూచే కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.